ఫారంలో తప్పు ఎప్పుడు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి

ఆన్‌లైన్ ఫారాల్లో చాలామంది ఇరుక్కునే చోటు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. అందులో మొత్తం 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకును సూచిస్తాయి, ఐదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచివి. పాస్‌బుక్ చూసి కొట్టేటప్పుడు ఆ సున్నాను ఇంగ్లిష్ ‘ఓ’ అనుకోవడం చాలా మామూలు. నియమం రాసిన ప్రోగ్రామర్‌కు ఐదో స్థానంలో సున్నాయే రావాలని తెలుసు. అయినా తెర మీద వచ్చేది ‘ఇన్‌వాలిడ్ ఐఎఫ్‌ఎస్‌సీ’ అన్న ముక్క మాత్రమే. ‘ఐదో అక్షరం సున్నా ఉండాలి, మీరు ఓ కొట్టారు’ అని రాయడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం పెట్టకపోవడం వల్ల స్కాలర్‌షిప్‌కో రైతు పథకానికో దరఖాస్తు చేసేవాళ్లు నెట్ సెంటర్ దగ్గర గంటలు పోగొట్టుకుంటున్నారు.

ఒక్కో గడికి ఒక్కో నియమం పెట్టడానికి మనవాళ్లు బాగానే కష్టపడతారు. ఆ నియమం తప్పినప్పుడు సందేశం ఎప్పుడు రావాలి, ఎక్కడ రావాలి, ఏ మాటల్లో రావాలి అన్నది మాత్రం వాడుతున్న ఫ్రేమ్‌వర్క్‌కు, అంటే సైట్ కట్టడానికి వాడే రెడీమేడ్ కోడ్‌కు, వదిలేస్తారు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. ఈ మూడింటినీ ప్రతి ఫారానికీ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. నియమం రాసినవాళ్లే, అప్పుడే, దాని సందేశమూ రాయాలి.

ముందు సమయం సంగతి. కొన్ని సైట్లలో ఈమెయిల్ గడిలో మొదటి అక్షరం కొట్టగానే ఎర్ర గీత వచ్చేస్తుంది. ఇంకా రాయడం మొదలుపెట్టిన మనిషికి తప్పు చేశావని చెబితే టెన్షన్ తప్ప ఏం మిగులుతుంది? ఇంకొన్ని సైట్లు గడులన్నీ నింపి సబ్మిట్ నొక్కేదాకా నోరు విప్పవు. 2009లో డిజైనర్ ల్యూక్ రోబ్లెవ్‌స్కీ 22 మందితో ఒక పరీక్ష చేశారు. సబ్మిట్ తర్వాతే తప్పులు చూపే ఫారంతో పోలిస్తే, గడి పక్కనే అప్పటికప్పుడు చూపిన ఫారంలో విజయవంతంగా పూర్తిచేయడం 22 శాతం పెరిగింది, పట్టిన సమయం 42 శాతం తగ్గింది. అందులోనూ గడి నింపి బయటికి వచ్చాక చూపిన పద్ధతే మెరుగ్గా పనిచేసింది. కొట్టకముందు నుంచే హెచ్చరిస్తే జనం చిరాకుపడ్డారు.

బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే డిజైన్ సిస్టమ్ దీనికి భిన్నమైన దారి పట్టింది. మామూలుగా మనిషి ముందుకు వెళ్లే బటన్ నొక్కేదాకా తప్పు చూపొద్దంటుంది. ఈ రెండింట్లో ఏది సరైందని వాదించేవాళ్లు ఒక విషయం గమనించాలి. ఆ ప్రభుత్వ సేవల్లో ఒక పేజీకి ఒక ప్రశ్న అడగడం రివాజు. అక్కడ బటన్ నొక్కేదాకా ఆగినా పోయేదేమీ లేదు. మన దగ్గర పేరు నుంచి బ్యాంకు ఖాతా దాకా, చివర ఫోటో అప్‌లోడ్ దాకా అన్నీ ఒకే పొడవాటి పేజీలో ఉంటాయి. వాళ్ల పేజీ తీరు తీసుకోకుండా వాళ్ల నియమం ఒక్కటే తెచ్చుకుంటే కుదరదు.

మన ఫారాలకు నేను సూచించే పద్ధతి ఇది. పాన్, ఆధార్, ఐఎఫ్‌ఎస్‌సీ లాంటి కచ్చితమైన రూపం ఉన్న గడుల్ని వాటిలోంచి బయటికి రాగానే పరీక్షించాలి. మిగతావాటికి సబ్మిట్ దాకా ఆగొచ్చు. ఒకసారి తప్పు చూపించాక మాత్రం ప్రతి అక్షరానికీ మళ్లీ చూడాలి, దిద్దిన క్షణంలోనే ఎర్ర రంగు పోవాలి. ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. ఫారాలు రాయడానికి ప్రోగ్రామర్లు వాడే రియాక్ట్ హుక్ ఫామ్‌లో మొదటి పరీక్షకు ఒక సెట్టింగ్, దిద్దేటప్పటి పరీక్షకు ఇంకో సెట్టింగ్ విడివిడిగానే ఉన్నాయి. యాంగ్యులర్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో గడిని ముట్టుకున్నారా, మార్చారా అన్నది విడిగా తెలుస్తుంది. పేజీ రంగులూ రూపమూ నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో పాత ‘ఇన్‌వాలిడ్’ గుర్తు పేజీ తెరుచుకోగానే తప్పనిసరిగా నింపాల్సిన ఖాళీ గడుల్ని ఎర్రగా చేసేది. మనిషి ఆ గడితో పని చేశాకే వర్తించే ‘యూజర్-ఇన్‌వాలిడ్’ 2023 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ఉంది.

అన్నీ సరిగ్గా నింపేదాకా సబ్మిట్ బటన్‌ను బూడిద రంగులో పడుకోబెట్టే ఫారాలు మరీ అన్యాయం. ఏం తప్పో చెప్పరు, అడగడానికి నొక్కనూ నొక్కనివ్వరు.

చోటు విషయంలో నాకు పెద్ద సందేహాలు లేవు. సందేశం ఆ గడిని ఆనుకునే ఉండాలి. ఫోన్‌లో కీబోర్డు సగం తెర ఆక్రమిస్తుంది కాబట్టి గడి కింద కంటే గడి పేరుకూ గడికీ మధ్య పెట్టడం మేలు. ఫారం పొడవైతే పైన తప్పులన్నింటి జాబితా కూడా ఉండాలి, ఒక్కోదాన్ని నొక్కితే నేరుగా ఆ గడికి తీసుకెళ్లాలి. మూడు సెకన్లు మెరిసి మాయమయ్యే చిన్న పెట్టెలో (టోస్ట్‌లో) తప్పు చెప్పడం చెప్పనట్టే లెక్క. ఫారాలను తనిఖీ చేసే జేక్వెరీ వ్యాలిడేషన్ ప్లగిన్ మామూలుగా సందేశాన్ని గడి తర్వాత అతికిస్తుంది. రేడియో బటన్ల దగ్గర అది మొదటి బటన్ పక్కన, రెండోదానికి ముందు ఇరుక్కుంటుంది. సందేశం ఎక్కడ పెట్టాలో చెప్పే ‘ఎర్రర్‌ప్లేస్‌మెంట్’ ఫంక్షన్ రాసుకుంటే సరిపోతుంది, కానీ ఆ పని చేయని సైట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

చూపు లేనివారికి ఎర్ర అంచు ఏమీ చెప్పదు. పేజీ కోడ్‌లో సందేశాన్ని ‘ఏరియా-డిస్క్రైబ్డ్‌బై’తో గడికి ముడిపెట్టి, గడి తప్పని తెలిపే ‘ఏరియా-ఇన్‌వాలిడ్’ పెడితేనే తెర మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదువుతుంది. తప్పున్న గడిని గుర్తించి అక్షరాల్లో చెప్పడం అంతర్జాతీయ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో కనీస స్థాయి షరతు. ఎలా దిద్దుకోవాలో సూచించడం ఆ పై స్థాయిది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని, ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారించే ఈ-కేవైసీని వికలాంగులకు అందుబాటులోకి తేవాలని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కూడా రంగు ఒక్కదానితో తప్పు చూపే ఫారాన్ని ప్రజల మీదికి వదలడం సరికాదు.

తెలుగు ఫారాలకు వేరే కష్టాలున్నాయి. బ్రౌజర్ సొంతంగా చూపే బుడగ, పేజీ ఏ భాషలో ఉన్నా, బ్రౌజర్ భాషలోనే మాట్లాడుతుంది. పేజీ అంతా తెలుగులో ఉండి, ఖాళీ వదిలిన గడి దగ్గర మాత్రం ఇంగ్లిష్ వాక్యం లేస్తుంది. ఆ బుడగలోని మాటల్ని మార్చే ‘సెట్‌కస్టమ్‌వ్యాలిడిటీ’తో తెలుగు వాక్యం పెట్టొచ్చు, అయితే దిద్దాక దాన్ని ఖాళీ చేయకపోతే గడి ఎప్పటికీ తప్పుగానే ఉండిపోతుంది. బ్రౌజర్ సొంత తనిఖీని ఆపే ‘నోవ్యాలిడేట్’ పెట్టి సందేశాలన్నీ మనమే రాసుకోవడం ఇంకా నమ్మకమైన దారి. లారావెల్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో తెలుగు సందేశాల ఫైలు పెట్టకపోతే, ప్రత్యామ్నాయ భాష కూడా లేకపోతే, తెర మీద ‘వ్యాలిడేషన్ డాట్ రిక్వైర్డ్’ లాంటి కోడ్ ముక్క దర్శనమిస్తుంది.

నియమాల్లోనే తెలుగును తప్పు పట్టేవి కూడా ఉన్నాయి. పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలని అన్ని భాషల లిపులకూ కంప్యూటర్‌లో సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో అక్షరాలకు కేటాయించిన ‘ఎల్’ వర్గంతో తనిఖీ రాస్తే ‘రాము’ కూడా చెల్లదు. గుణింతం గుర్తులు ఆ వర్గంలోకి రావు, అవి ఉండే ‘ఎమ్’ వర్గాన్ని కూడా కలపాలి. ‘శ్రీనివాస్’ మన కంటికి నాలుగు అక్షరాలు, గుణింతం, పొల్లు గుర్తుల్ని విడిగా లెక్కించే కంప్యూటర్‌కు పది. ‘గరిష్ఠంగా 20 అక్షరాలు’ అన్న సందేశం చూసినవాళ్లు తమ పేరు అందులో ఎందుకు పట్టలేదో ఎలా అర్థం చేసుకోవాలి? ఇంటిపేరు స్థానంలో ఒక్క ఇనీషియల్ ఉన్న సర్టిఫికెట్లు మన దగ్గర బోలెడు. ‘లాస్ట్ నేమ్ కనీసం రెండు అక్షరాలు’ అని ఫారం పట్టుబడితే వాళ్లు తమ పేరునే మార్చి రాయాల్సి వస్తుంది. సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆ తేడా మళ్లీ ఎదురొస్తుంది.

కొన్నింటికి అసలు సందేశమే అక్కర్లేదు. ఆధార్ కార్డు మీద 12 అంకెలు నాలుగేసి చొప్పున ఖాళీతో అచ్చవుతాయి. చూసి అలాగే కొట్టినవారిది తప్పెలా అవుతుంది? ఖాళీలు తీసేయడం, మొబైల్ నంబరు ముందు ప్లస్ 91 ఉంటే కత్తిరించడం, చిన్న బడి అక్షరాల్లో కొట్టిన పాన్‌ను పెద్ద బడికి మార్చడం ప్రోగ్రామ్ పని. ఆధార్ చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కగట్టినది కాబట్టి, అంకెలు అటూ ఇటూ అయ్యాయా అని దానితో సరిచూడొచ్చు. అలా తేలిన నిజమైన తప్పు దగ్గరే మనిషిని ఆపాలి.

ప్రభుత్వ శాఖలు పోర్టల్ కట్టించేటప్పుడు టెండర్‌లో ఒక షరతు చేర్చాలి. ప్రతి గడికీ ఉన్న నియమం, తప్పినప్పుడు వచ్చే తెలుగు, ఇంగ్లిష్ వాక్యాలు, అవి కనిపించే సమయం, చోటు ఒకే పట్టికలో ఇవ్వాలి. దాన్ని శాఖ సిబ్బందితో పాటు మీసేవలో రోజూ ఫారాలు నింపే ఆపరేటర్లు చదివి సరేనన్నాకే సైట్ ప్రారంభించాలి. ఏ సందేశం చూసి జనం తమ దగ్గరికి పరుగెత్తుకొస్తారో ఆ ఆపరేటర్లకు ఇప్పటికే తెలుసు.