స్లాబ్ పోయకముందే చూడాలి

ఎక్కడ ఇల్లు కూలినా ‘వానకు నాని పడిపోయింది’ అనేస్తాం. మట్టిగోడల పాత ఇళ్ల విషయంలో అది నిజం. పిల్లర్లు వేసి కట్టిన భవనం కూలిందంటే మాత్రం, కట్టిన రోజునే ఎక్కడో తప్పు జరిగిందని అర్థం.

ఆ తప్పు చాలాసార్లు నీళ్ల దగ్గరే మొదలవుతుంది. స్లాబ్ వేసే రోజు కాంక్రీటు కలిపే మిల్లర్ పక్కన కాసేపు నిలబడండి. మాల్ (కలిపిన కాంక్రీటు) తొందరగా పారాలని బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరిస్తారు. ఇళ్లకు మామూలుగా వాడే ఎం20 రకం కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 30 లీటర్లు దాటొద్దని కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. దాటితే, ఎక్కువైన నీరు ఆరాక లోపల సన్నటి రంధ్రాలు మిగులుతాయి. బలం తగ్గుతుంది, తేమ చేరి సలాకలు తుప్పు పడతాయి. తీరా స్లాబ్‌కు నీళ్లు కట్టాల్సి వచ్చేసరికి ట్యాంకర్ ఖర్చు గుర్తొస్తుంది! మన ఎండలకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. పిల్లర్లకు గోనె పట్టాలు చుట్టి తడపాలి.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అలాంటి నేలలో మట్టి పరీక్ష లేకుండా పక్కింటి పునాది లోతే మనకూ చాలనుకోవడం ప్రమాదం. రెండంతస్తులకని వేసిన పిల్లర్లపై మూడోది లేపడం అంతకన్నా ప్రమాదం. ఆపైన 1,000 లీటర్ల ట్యాంకు పెడితే నీళ్ల బరువే టన్ను.

ఇందులో మేస్త్రీలనే తప్పుపట్టడం అన్యాయం. దేశమంతటా ప్రాజెక్టులు కట్టిన పాలమూరు కూలీలకు పనితనం కొత్తగా నేర్పాలా? ఏ పిల్లర్‌కు ఎన్ని సలాకలో, వాటిని చుట్టి కట్టే రింగుల మధ్య ఎంత దూరమో చెప్పే డ్రాయింగే వారి చేతికివ్వడం లేదు. చదరపు అడుగుకు ఇంతని బేరమాడి రేటు తెగ్గొడితే, ఆ కోత సిమెంటులో, స్టీలులో పడుతుంది.

ఇళ్ల అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో 75 చదరపు గజాల్లోపు స్థలంలో ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తోంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పడం మంచిదే. కానీ సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కొలిచినంత శ్రద్ధగా పునాది గుంతనూ చూడాలి కదా! నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోనైనా ఫుటింగ్‌కు (పిల్లర్ కింది పునాది దిమ్మెకు), ప్రతి స్లాబ్‌కు ముందు ఇంజినీరు వచ్చి స్టీలు చూసి సంతకం పెట్టే నిబంధన తేవాలని కోరుతున్నాం. అనుమతి లేని అంతస్తును సెంట్రింగ్ కొడుతుండగానే ఆపాలి, జరిమానా కట్టించుకుని వదిలేయొద్దు.