ప్రశ్నలను కూడా బట్టీ పట్టించే చదువు

పదో తరగతి జీవశాస్త్రం గైడ్ ఒకటి తెరిచి చూడండి. కడపలోనైనా కర్నూలులోనైనా ఏ పుస్తకాల దుకాణంలో అడిగినా ఇస్తారు. కొన్నేళ్లుగా అందులో ఒక రకం ప్రశ్న కనిపిస్తూ వచ్చింది: ‘మూత్రపిండాల వ్యాధుల గురించి తెలుసుకోవడానికి మీరు వైద్యుడిని ఏయే ప్రశ్నలు అడుగుతారు?’ దాని కింద జవాబుగా నాలుగైదు ప్రశ్నలు అచ్చువేసి ఉంటాయి. విద్యార్థి వాటిని కంఠస్థం చేస్తాడు, పరీక్షలో దించేస్తాడు. ఇంట్లో నాయనమ్మకు డయాలసిస్ చేయిస్తున్న పిల్లవాడికి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంటుంది. దానికి మార్కు పడుతుందో లేదో తెలియదు కాబట్టి రాయడు. ఉపాధ్యాయుడు కూడా గైడ్‌లో ఉన్నవే రాయమంటాడు. బడి ఫలితాలు తగ్గితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆయనే మరి.

ఆ ప్రశ్న అక్కడికి ఎలా వచ్చిందో చూస్తే మనసు చివుక్కుమంటుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుగుణంగా ఉమ్మడి రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలను తిరగరాసినప్పుడు సామాన్యశాస్త్రానికి విద్యా ప్రమాణాలు నిర్ణయించారు. మొదటిది విషయావగాహన. రెండోది ‘ప్రశ్నించడం, పరికల్పన చేయడం’. పిల్లలకు ప్రశ్నించడం రావాలని, దానికీ మార్కులుండాలని మన పాఠ్యపుస్తక రచయితలు మనస్ఫూర్తిగా కోరుకున్నారు. రెండు మూడేళ్లు తిరగకముందే పరీక్షల యంత్రాంగం ఆ కోరికను జీర్ణం చేసుకుని మోడల్ పేపర్‌గా మార్చేసింది. ప్రాజెక్టు పనుల గతీ అంతే. ఊరి చెరువు దగ్గరికి వెళ్లి చూసి రాయాల్సిన ప్రాజెక్టు నెట్ సెంటర్‌లో ప్రింటు తీసిన నాలుగు కాగితాలైంది. ఇరవై అంతర్గత మార్కులను చాలా ప్రైవేటు బడులు ఉదారంగా పంచిపెడుతున్నాయన్న విమర్శలు వచ్చాక 2019లో ఆ మార్కులనే ఎత్తేశారు.

కాబట్టి నేను చెప్పేదొకటే. పిల్లలు సొంతంగా ఆలోచిస్తారా లేదా అన్నది పాఠ్యపుస్తకం నిర్ణయించదు, విధాన పత్రం అసలే నిర్ణయించదు. ప్రశ్నపత్రం నిర్ణయిస్తుంది. దాన్ని ముట్టుకోకుండా చేసే ఏ సంస్కరణా పిల్లవాడి దాకా చేరదు.

కాగితం మీద మన దేశంలో ఆలోచనకు కొదవ లేదు. పిల్లలకు బోధిస్తున్నది ఎక్కువ, అర్థమవుతున్నది తక్కువ అని యశ్‌పాల్ కమిటీ 1993లోనే తేల్చింది. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పగలగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలో 1976లోనే చేర్చుకున్నాం. 2020 జాతీయ విద్యా విధానం నిండా విమర్శనాత్మక ఆలోచన గురించే. ఇంతమంది ఇన్నిసార్లు చెప్పినా పిల్లలు మారలేదంటే లోపం పిల్లల్లో వెతకడం అన్యాయం.

ఇప్పుడు నీట్ పేపర్ చూడండి. 2025లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు ఒక్క నిమిషం. అందులోనే చదవాలి, నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి ఎంచుకోవాలి, ఓఎంఆర్ పత్రంపై గడి నింపాలి. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఈ అమరికలో ఆలోచించడమంటే సమయం పోగొట్టుకోవడమే. ప్రశ్నలో ఏదో తేడా ఉందని అనుమానించే విద్యార్థి వెనకబడతాడు. చూడగానే గుర్తుపట్టి గడి నింపేవాడు ముందుంటాడు. అలా గుర్తుపట్టాలంటే అదే తరహా బిట్లు వేలకొద్దీ చేసి ఉండాలి. రోజుకో స్లిప్ టెస్టు, వారాంతపు పరీక్ష, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు ఉన్నది అందుకే. దీన్ని కార్పొరేట్ కళాశాలల దురాశగా చూపించి సరిపెట్టుకుంటే పొరపాటు. జాతీయ స్థాయిలో పెట్టిన ఒక పరీక్షకు తగినట్టుగా అవి తమను తాము మలుచుకున్నాయి, అంతే. ఆ ఒత్తిడి అక్కడి నుంచి కిందికి పాకింది. అనంతపురంలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ చేర్చుకుంటున్నారు. పదకొండేళ్ల పిల్లవాడు చేయెత్తి సందేహం అడిగితే వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే: ‘అది సిలబస్‌లో లేదు, వదిలెయ్.’

ఆ మాట ఎంత నష్టం చేస్తుందో అనంతపురం జిల్లాలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదేమో. దేశంలోనే అతి తక్కువ వర్షం పడే ప్రాంతాల్లో ఇదొకటి. కళ్యాణదుర్గం వైపు ఏ పల్లెకు వెళ్లినా, బోరు బండి వచ్చిన రాత్రి ఇంటిల్లిపాదీ పొలంలో నిలబడి ఉన్న జ్ఞాపకం లేని పిల్లవాడు దొరకడం కష్టం. ఎన్ని అడుగుల దగ్గర తడి మట్టి వచ్చిందో, ఎక్కడ రాయి తగిలిందో, ఎక్కడి నుంచి ఒట్టి దుమ్మే లేచిందో, నాన్న ఏ లోతు దగ్గర ‘ఇక చాలు’ అన్నాడో వాడికి తెలుసు. పక్క పొలంలో బోరు వేశాక తమ బోరు ఎందుకు ఎండిందన్న ప్రశ్న వాడి మనసులో ఉంది. నీళ్లు లేని నేలలో ఏటా వేరుశనగే ఎందుకు వేస్తున్నామన్నదీ ఉంది. ఆ రెండూ పరిశోధకులు తలపట్టుకునే ప్రశ్నలు. బడిలో వాడికి ఎదురయ్యేది మాత్రం ‘భూగర్భ జలాలు తరిగిపోవడానికి కారణాలు రాయండి’. వర్షాభావం, అడవుల నరికివేత, విచ్చలవిడిగా బోర్లు. మూడు పాయింట్లు రాస్తే చాలు, మార్కులు వచ్చేస్తాయి. తాను కళ్లారా చూసినదానికి చదువుతో సంబంధం లేదని ఆ పిల్లవాడు ఆ రోజే నేర్చుకుంటాడు. నా దృష్టిలో మన విద్యా వ్యవస్థ చేస్తున్న అతి పెద్ద అపకారం ఇదే.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. యంత్రం దిద్దే పరీక్షకు కులం తెలియదు, సిఫారసు పనిచేయదు. ప్రాజెక్టులు, ఇంటర్వ్యూలు అంటూ మొదలుపెడితే ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడే నగర పిల్లలే లాభపడతారని, సీమ పల్లెలోని రైతు బిడ్డ డాక్టర్ కావాలంటే ఈ పరీక్షే దారి అని అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ ఫీజు కట్టగలిగినవాడికి, కట్టలేనివాడికి మధ్య యంత్రం కూడా సమానత్వం తేలేదు. 2024 నీట్‌లో మొదట 67 మందికి 720కి 720 మార్కులు వచ్చాయి. పేపర్ లీకు వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆలోచనను బలిపెట్టి కొనుక్కున్న నిష్పాక్షికత కూడా చేతికి దక్కలేదు.

వేరే దారి సాధ్యం కాదనేవారికి హోషంగాబాద్‌ను గుర్తు చేయాలి. మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 1972లో పదహారు బడులతో ఒక విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం మొదలైంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు స్వయంగా ప్రయోగాలు చేసి, ఏం గమనించారో రాసుకుని, దాన్నుంచే నిర్ధారణకు రావాలి. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. 1978 నాటికి జిల్లాలోని మాధ్యమిక బడులన్నింటికీ విస్తరించింది. బోధించింది విదేశాల్లో చదివొచ్చినవాళ్లు కాదు, శిక్షణ పొందిన మామూలు ప్రభుత్వ ఉపాధ్యాయులు. చదివింది పల్లె పిల్లలు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మన పిల్లలకు, మన పంతుళ్లకు చేతకాదన్న మాట ఆ ముప్పై ఏళ్ల ముందు నిలవదు. నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భంలో వాడగలరా అని వివిధ దేశాల పిల్లలను పరీక్షించే అంతర్జాతీయ పీసా పరీక్షను మన దేశం 2009 విడతలో తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్‌లతో రాయించింది. రెండూ దాదాపు అట్టడుగున నిలిచాయి. ఆ తర్వాత 2012, 2015, 2018 విడతల్లో పాల్గొననే లేదు. పరీక్షల దేశం ఆ ఒక్క పరీక్షకు దూరంగా ఉండిపోయింది.

ఇదంతా ఉద్యోగాల కోసమో ర్యాంకుల కోసమో నేను చెప్పడం లేదు. సీమ కోసం చెబుతున్నాను. ‘ఆంధ్ర రాష్ట్ర రాజధాని ఏది?’ ‘కర్నూలు.’ పోటీ పరీక్షలకు చదివే ప్రతివారికీ ఈ బిట్ వచ్చు. 1953 అక్టోబరు 1 అన్న తేదీ కూడా వచ్చు. మూడేళ్లకే ఆ రాజధాని ఎందుకు తరలిపోయిందో, అప్పుడు మనవాళ్లు ఏమి అడిగారో, ఏమి అడగలేకపోయారో చెప్పమంటే తడబడతారు. కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక 1937లో జరిగిందని తెలుసు. కృష్ణా, తుంగభద్ర నీటిలో సీమకు పదేళ్లపాటు ప్రాధాన్యం ఇస్తామని అందులో రాసుకున్న సంగతి ఎంతమంది చదివారు? కరవు మీద, వలస మీద, కాలువల మీద ప్రతి ఎన్నికల్లో అవే హామీలు వస్తాయి, అవే చప్పట్లు మోగుతాయి. గ్రామసభలో లేచి ‘పోయినసారి చెప్పినది ఏమైంది’ అని అడిగే గొంతు వినిపించదు. పన్నెండేళ్లపాటు అడగడం తప్పని నేర్పి, పద్దెనిమిదో ఏట ఓటు చేతికిచ్చి ప్రశ్నించమంటే ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరినీ లెక్కచేయకుండా ప్రశ్నించిన వేమన పేరుతో కడపలో విశ్వవిద్యాలయం పెట్టుకున్నాం. బడిలో ఆయన పద్యాన్ని పాదభంగం లేకుండా రాయమని మాత్రమే అడుగుతున్నాం.

కాబట్టి పదో తరగతి సాంఘికశాస్త్రం పేపర్‌తోనే మొదలుపెట్టాలి. శ్రీబాగ్ ఒడంబడిక పాఠాన్ని ప్రశ్నపత్రంలోనే అచ్చువేసి ఇవ్వండి. ఇందులోని హామీల్లో ఏది నెరవేరింది, ఏది లేదు, మీ ఊరి నుంచి ఆధారం చూపుతూ వాదించండి అని అడగండి. ఎటు వాదించినా సరే, మార్కులు వాదనలోని బలానికి వేయండి. ఒక్కో పత్రాన్ని ఇద్దరు ఉపాధ్యాయులు దిద్దాలి, తేడా ఎక్కువుంటే మూడోవారు చూడాలి. ఖర్చు పెరుగుతుంది, ఫలితాలు పది రోజులు ఆలస్యమవుతాయి. ప్రభుత్వం ఆ ఖర్చు భరించాలి, తల్లిదండ్రులు ఆ పది రోజులు ఆగాలి.