మందు కణంలోకి వెళ్తోందా లేదా? ముందు అది తేలాలి

కీమో పని చేయలేదంటే మనకు వినిపించేవి సాధారణంగా రెండే మాటలు: డోసు చాల్లేదు, లేదంటే జబ్బు ముదిరిపోయింది. అసలు ఆ మందు క్యాన్సర్ కణంలోకి వెళ్లిందా, వెళ్లాక కణం దాన్ని ఏం చేసింది అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే. బ్లియోమైసిన్ అనే కీమో మందు కథ చూస్తే ఎందుకో తెలుస్తుంది.

1960ల్లో జపాన్‌లో హమావో ఉమెజావా బృందం ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన ఈ మందును వృషణాల క్యాన్సర్‌కు, హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు. ఇనుము, ఆక్సిజన్ తోడైతే ఇది డీఎన్ఏను తెగ్గొడుతుంది. చిక్కల్లా లోపలికి చేరడంలోనే. పెద్ద అణువు, పైగా ధనావేశం ఉన్నది, కణపొరను సులువుగా దాటలేదు.

మరి ఎలా వెళ్తోంది? దారి చూపింది బ్రెడ్ పిండిని పొంగించే ఈస్ట్. దాని జన్యువులు సుమారు 6,000. వాటిలో లేకపోయినా బతకగలిగే జన్యువులను ఒక్కొక్కటిగా తీసేసిన ఈస్ట్ రకాలు ల్యాబుల్లో సిద్ధంగా ఉంటాయి కాబట్టి, అన్నిటికీ మందు పెట్టి ఏది చచ్చింది, ఏది తట్టుకుంది అని చూసేయొచ్చు. కెనడాలో డిండియల్ రామోటార్ బృందం ఆ పనే చేసి 2004లో ఫలితాలు ప్రచురించింది. ఏజీపీ2 అనే జన్యువు లేని ఈస్ట్ మందును గట్టిగా తట్టుకుంది, కారణం మరేం కాదు, మందు లోపలికి సరిగా వెళ్లనేలేదు! ఏజీపీ2 స్వయంగా తలుపు కాకపోవచ్చు, ఇలాంటి పదార్థాలను లోపలికి తెచ్చే జన్యువుల పనిని పెంచేది అదేనని అదే బృందం 2013లో చూపించింది.

ఇక విరుగుడు సంగతి. బ్లియోమైసిన్ హైడ్రోలేజ్ అనే ఎంజైమ్ ఈ మందును నిర్వీర్యం చేస్తుందని, అది తక్కువగా ఉండటం వల్లే ఊపిరితిత్తులు, చర్మం ఎక్కువ దెబ్బతింటాయని చాలాకాలంగా చెబుతున్నారు. కానీ ఈస్ట్‌లో ఆ ఎంజైమ్‌ను పెంచినా తగ్గించినా మందును తట్టుకునే శక్తి మారలేదని 2002లోనే తేలింది. ఈస్ట్ చేసే పని వేరు, వచ్చిన మందును రిక్తిక అనే కణంలోని సంచిలోకి తరలించి డీఎన్ఏకు దూరంగా ఉంచుతుంది. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయిన వివరణను కూడా ఇలా పరీక్షకు పెట్టగలగడం వల్లే ఈస్ట్ పరిశోధనకు డబ్బు పెట్టాలని నేను గట్టిగా అంటాను.

ఈస్ట్ మనిషి కాదు, నిజమే. కానీ మన కణాల్లో కార్నిటైన్‌ను (కొవ్వును శక్తిగా మార్చుకోవడానికి కావాల్సిన పదార్థం) మోసే హెచ్‌సీటీ2 ప్రోటీన్ బ్లియోమైసిన్-ఏ5 అనే బ్లియోమైసిన్ రకాన్ని లోపలికి తెస్తుందని 2010లో రామోటార్ బృందమే చూపించింది. ఎలక్ట్రోకీమోథెరపీలో కరెంటు పల్స్‌తో కణపొరను కాసేపు తెరిస్తే ఇదే మందు విషప్రభావం కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. మందులో శక్తి ఉంది, లోపలికి దారే లేదు. అలాంటప్పుడు డోసు పెంచితే ట్యూమర్ కంటే ముందు ఊపిరితిత్తులే పాడవుతాయి. కనీసం క్లినికల్ ట్రయల్స్‌లోనైనా, బయాప్సీ ముక్కలో హెచ్‌సీటీ2 ప్రోటీన్ ఎంత ఉందో చూశాకే మందు ఎవరికి ఇవ్వాలో తేల్చాలి.