డాబా మీద నీళ్ళు నిలబెట్టి చూడనిదే వాటర్‌ప్రూఫింగ్ డబ్బా మూత తీయకండి

ఏప్రిల్ వచ్చిందంటే మన ఊళ్ళలో డాబాల మీద తెల్ల పూతలు మొదలవుతాయి. సీలింగ్‌లో ఓ మూల పసుపు మరక కనిపిస్తుంది. ఇంటాయన షాపుకెళ్ళి ఇరవై లీటర్ల బకెట్టు తెస్తాడు. పెయింటర్ ఒక్క పూటలో డాబా అంతా పూసి డబ్బులు తీసుకుని వెళ్తాడు. జూన్‌లో రెండు గట్టి వానలు పడేసరికి మళ్ళీ అదే మూల, అదే మరక, ఈసారి ఇంకాస్త పెద్దది. మందు మంచిది కాదనుకుని వచ్చే ఏడు ఇంకో కంపెనీ బకెట్టు తెస్తారు. ఏళ్ళ తరబడి ఇలా ఖర్చుపెట్టే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలనిపించింది: నీళ్ళు పైన ఎక్కడ దిగుతున్నాయో తేల్చుకోకుండా డాబా మీద ఏం పూసినా ఆ డబ్బు వానపాలే.

కింద మరక ఉన్న చోటే పైన చిల్లు ఉంటుందనుకోవడం దగ్గరే మొదటి పొరపాటు. స్లాబ్‌లోకి దిగిన నీరు నిటారుగా కిందికి రాదు. కాంక్రీటు ఎక్కడ గుల్లగా ఉంటే అటు పోతుంది, స్లాబ్‌లో వేసిన కరెంటు పైపుల్లో దూరి దూరంగా నడుస్తుంది. ఫ్యాను బాక్సులోంచి చుక్కలు పడుతున్నాయంటే ఆ నీరు పక్క గది మీద దిగి పైపు వెంట వచ్చి ఉండొచ్చు. అలా పడుతుంటే మాత్రం ముందు కరెంటు బోర్డులో ఆ లైను ఎంసీబీ (స్విచ్చు) దించేయండి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. మే నెలలో కూడా ఆ మరక తడిగా ఉందా? ఉంటే అది చాలావరకు వాన నీరు కాదు. ట్యాంకులో బాల్ వాల్వ్ సరిగా మూసుకోక రోజూ పొర్లే నీళ్ళో, ట్యాంకు దిమ్మె కింద పైపు జాయింటో, సోలార్ హీటర్ లైనో అయి ఉంటుంది. రాత్రి ట్యాంకు నింపి, దాని నుంచి దిగే వాల్వులన్నీ కట్టేసి, నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. పొద్దున్నకి మట్టం దిగితే ట్యాంకులోనో, వాల్వుకు ముందున్న జాయింటులోనో లోపం. దిగకపోతే ఈసారి వాల్వులు తెరిచి, ఇంట్లో కుళాయిలన్నీ కట్టి రాత్రంతా వదలండి. అప్పుడు దిగితే లైన్లలో లోపం. ఏ ఖర్చూ లేని ఈ రెండు రాత్రుల పరీక్ష చేయకుండానే డాబా అంతా పూయించుకున్నవాళ్ళు చాలామంది.

వాన నీరే అని తేలితే డాబా మీద నీళ్ళు నిలబెట్టాలి. ఒకేసారి మొత్తం నింపితే ఏమీ తెలియదు, విడివిడిగా చేయాలి. బంకమట్టితో మూడు అంగుళాల గట్టు కట్టండి. పరీక్ష అయ్యాక మట్టి తేలిగ్గా వస్తుంది, సిమెంటు గట్టయితే మళ్ళీ ఉలి పట్టాలి. మొదట పిట్టగోడకు తగలకుండా డాబా నడిమి భాగంలో మాత్రం రెండు అంగుళాల నీళ్ళు నిలబెట్టి 48 గంటలు ఉంచండి. కింద ఏమీ రాకపోతే గట్టు జరిపి పిట్టగోడ వెంట ఒక్కో వైపు పెట్టండి. చివరికి వాన పైపు నోటికి గుడ్డ కుక్కి దాని చుట్టూ. ఏ భాగంలో నీళ్ళున్నప్పుడు కింద తడి వచ్చిందో దోషి అదే. నీళ్ళు తగ్గాయి కాబట్టి స్లాబ్ తాగేసిందని భయపడకండి, ఎండకు ఆవిరయ్యేదీ ఉంటుంది. వెడల్పాటి టబ్బులో అంతే లోతు నీళ్ళు పోసి పక్కనే పెడితే తేడా తెలుస్తుంది.

బరువు సంగతి కూడా చెప్పాలి. రెండు అంగుళాల నీళ్ళంటే చదరపు మీటరుకు 50 కిలోలు. మనుషులు తిరిగే డాబాకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల దాకా లెక్కగట్టి డిజైన్ చేస్తారు కాబట్టి గట్టి స్లాబ్‌కు ఇది సమస్య కాదు. కానీ పెచ్చులూడి కమ్మీలు కనిపిస్తున్న స్లాబ్ మీద నీళ్ళు నిలబెట్టొద్దు. అక్కడ పైపుతో కొంచెం కొంచెం మేర తడుపుతూ చూడటమే మంచిది.

ఇలా చేస్తే ఎక్కువసార్లు దొరికే దోషి డాబా నడిమి భాగం కాదు, పిట్టగోడా స్లాబూ కలిసే మూల. దానికి కారణం ఉంది. స్లాబ్ పోసి, అది గట్టిపడ్డాక దాని మీద ఇటుకతో పిట్టగోడ కడతారు. రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి గానీ ఒక్కటి కావు. పగలు ఎండకు స్లాబ్ సాగుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. ఈ కదలికంతా ఆ అతుకు దగ్గరే పడుతుంది. పైన పూసిన పూత సరిగ్గా అక్కడే, వెంట్రుక మందాన తెగుతుంది. చూపుకు ఆనదు గానీ నీళ్ళకు అది చాలు.

ఆ మూలను బాగు చేయడానికి పెయింటర్ చాలడు, మేస్త్రీ కావాలి. అతుకు వెంట అంగుళం వెడల్పు, అంగుళం లోతు గాడి కొట్టాలి. దుమ్మంతా ఊడ్చి, కడిగి, నీళ్ళు నిలవకుండా తడిగా ఉంచాలి. ఎస్‌బీఆర్ లేటెక్స్ అనే పాలలాంటి రబ్బరు ద్రవాన్ని సిమెంటులో కలిపి బ్రష్షుతో పూసి, అది ఆరకముందే లేటెక్స్ కలిపిన 1:3 మాలుతో (ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళు ఇసుక) గాడి నింపాలి. ఆరిపోయాక నింపితే ఆ పూతే రెంటి మధ్య అడ్డుపొరగా మారి మాలు ఊడొస్తుంది. ఆ మీద మూడు అంగుళాల మేర మూలను గుండ్రంగా తిప్పాలి. ఎందుకంటే గుండ్రంగా తిప్పని మూలలో పూత పలచబడుతుంది, అక్కడే చిరుగుతుంది. వారం రోజులు తడపాలి. ఆరాక స్లాబ్ మీద అర అడుగు, గోడ మీద అడుగు ఎత్తు వచ్చేలా ఫైబర్ మెష్ (సన్న దారాల వల) పరిచి, దాని కిందా మీదా పూత వేయాలి. మెష్ లేకుండా ఈ మూల నిలబడదని నా నమ్మకం. మెష్‌కయ్యే ఖర్చు మొత్తం పనిలో చాలా చిన్నది, కానీ కొటేషన్‌లో అన్నిటికంటే ముందు ఎగిరిపోయేది అదే.

పిట్టగోడ నెత్తి కూడా చూడండి. దాని మీది ప్లాస్టరింగ్ పగిలితే నీరు ఇటుకల్లోంచి దిగి బెడ్‌రూమ్ గోడ పైభాగంలో తేలుతుంది. డాబాకు ఎన్ని పూతలేసినా ఇది ఆగదు. నెత్తి లోపలి వైపుకు కొంచెం వాలి ఉండాలి.

తర్వాతి దోషి వాన పైపు నోరు. చాలా ఇళ్ళలో పైపు చుట్టూ ఉన్న గచ్చు కంటే పైపు అంచే పావంగుళం పైకి ఉంటుంది. వాన వెలిసినా ఆ చుట్టూ గంటల తరబడి నీళ్ళుంటాయి. పైపు ప్లాస్టిక్కు, చుట్టూ సిమెంటు, రెండింటికీ అతుకు నిలవదు. అడుగున్నర చదరం మేర గచ్చు కొట్టి, పైపు అంచు అర అంగుళం దిగేలా కోసి, చుట్టూ ఆరినా ముడుచుకోని గ్రౌటు (పలుచని సిమెంటు మిశ్రమం) పోయాలి. గంటకు 100 మి.మీ. వాన పడితే నాలుగంగుళాల పైపు ఒకటి సుమారు 400 చదరపు అడుగుల నీళ్ళు మోస్తుంది. వెయ్యి అడుగుల డాబాకు ఒక్క పైపు పెట్టి, దాని నోటికి ఆకులు అడ్డం పడితే ఆ డాబా చెరువే.

ఇక వాటం. ప్రతి 10 అడుగులకు కనీసం అంగుళంపావు వాలు ఉండాలి. లేదని తెలియగానే మేస్త్రీలు చెప్పే మందు ఒకటే: ‘పైన రెండంగుళాలు కాంక్రీటు వేసేద్దాం సార్.’ దీనికి ఒప్పుకోవద్దని చేతులెత్తి చెబుతున్నాను. రెండంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు 120 కిలోలు. వెయ్యి అడుగుల డాబాకు 11 టన్నులు! మనుషులూ సామానూ మోయడానికి పెట్టిన 150 కిలోల్లో ఇంచుమించు అంతా ఆ కాంక్రీటే తినేస్తుంది, అదీ శాశ్వతంగా. పైగా పాత స్లాబ్‌కూ కొత్త పొరకూ మధ్య చేరిన నీరు ఎటూ పోలేక ఏడాది పొడవునా కిందికి ఊరుతూనే ఉంటుంది. బయటికి కనిపించదు కాబట్టి ఆ తర్వాత ఎవరూ దాన్ని పట్టుకోలేరు. దీని బదులు వాన వెలిసిన గంటకు డాబా ఎక్కి, నీళ్ళు నిలిచిన చోట్ల చుట్టూ సుద్దముక్కతో గీయండి. చిన్న గుంటలను పాలిమర్ మాలుతో (లేటెక్స్ లాంటి ద్రవం కలిపిన సిమెంటు మాలు) పూడ్చండి. పెద్ద గుంట పిట్టగోడ దగ్గరుంటే అక్కడే గోడలోంచి, స్లాబ్ మట్టానికి, కోర్ కటింగ్‌తో (గుండ్రంగా రంధ్రం కోసే మెషిన్ పని) ఇంకో పైపు బయటికి తీయండి. స్లాబ్‌కు మాత్రం రంధ్రం కొట్టొద్దు. నీళ్ళను దూరంగా ఉన్న పైపు దగ్గరికి నడిపించడం కంటే పైపును నీళ్ళ దగ్గరికి తేవడం ఎప్పుడూ తేలిక.

ఇవన్నీ అయ్యాకే బకెట్టు మాట. ఇక్కడ ఒక లెక్క చూడండి. 20 లీటర్ల బకెట్టు వెయ్యి చదరపు అడుగులకు పూస్తే తడి మీద మందం 0.2 మి.మీ. ఆరాక అందులో దాదాపు సగమే మిగులుతుంది. అంటే జిరాక్స్ కాగితమంత మందం పొరను మన ఎండకూ వానకూ అడ్డం పెట్టామన్నమాట. పెయింటర్ బకెట్టు సాగడానికి నీళ్ళు కలిపితే అది కూడా ఉండదు. నీళ్ళు కలపాల్సింది మొదటి చేయికి (మొదటి పూతకు) మాత్రమే, అదీ డబ్బా మీద రాసినంతే. మిగతా రెండు చేతులూ చిక్కగా, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా పడాలి. డబ్బా మీద రాసిన కవరేజీతో మీ డాబాను లెక్కగట్టి, ఎన్ని బకెట్లు కావాలో అన్నీ ఒకేసారి తెప్పించి, ఖాళీ బకెట్లు మీ కళ్ళ ముందే లెక్కపెట్టండి.

అక్రిలిక్ పూతలకు పొడి నేల కావాలి. పొడీ, ద్రవం విడిగా వచ్చే సిమెంటు పూతలకు తడిపిన నేల కావాలి. ఇది తారుమారు చేసి పాడయిన పనులు చాలా ఉన్నాయి. నేల నిజంగా ఆరిందో లేదో తెలుసుకోవాలంటే రెండడుగుల ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులన్నీ టేపుతో మూసి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున కాగితం అడుగున చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆగాలి. తడి మీద పూస్తే ఎండకు లోపలి నీరు ఆవిరై పూతను బొబ్బల్లా లేపుతుంది. మిట్టమధ్యాహ్నం పూసినా చెడుతుంది: పైన గబగబా ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, సూదిపోటు చిల్లులు పడతాయి. పొద్దున పదిలోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక. ఇంకొకటి, అక్రిలిక్ పూత నీరు నిలిచే చోట మెత్తబడి వదిలేస్తుంది. అందుకే ముందు గుంటలు, తర్వాత పూత.

రాయలసీమ మట్టిమిద్దెల మీద వానలకు ముందు చౌడుమట్టి సరిచేసుకునేవాళ్ళు. పాత సున్నపు పనుల్లో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి రోజుల తరబడి దిమ్మిస చేసేవాళ్ళు. ఏటా పైకెక్కి చూసుకోవాలన్న అలవాటు వాళ్ళకుండేది. సిమెంటు వచ్చాక ఆ అలవాటు పోయింది. ఇప్పుడు డాబా ఎక్కేది ట్యాంకు పొర్లినప్పుడే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది సీలింగ్ సంగతి. పెచ్చులూడిన చోట మామూలు సిమెంటు మెత్తి, పుట్టీ పెట్టి, రంగేస్తారు. ఇంకొందరు ఫాల్స్ సీలింగ్ కొట్టించి కప్పేస్తారు. కమ్మీ తుప్పుపడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్ల చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పైన సిమెంటు మెత్తితే లోపల తుప్పు ఆగదు. సుత్తితో సీలింగ్ అంతా తట్టి చూడండి. గల్లుమన్న చోట కాంక్రీటు గట్టిది, డొల్లగా మోగిన చోట అప్పటికే విడిపోయింది. ఆ డొల్లంతా కొట్టేయాలి, కమ్మీ వెనక్కి వేలు దూరేంత చోటు వచ్చేదాకా. ఈ పని మొదలెట్టే ముందు కింద స్లాబ్‌ను మోసేలా సెంట్రింగ్ జాకీలు (ఇనుప ఊత కడ్డీలు) తప్పకుండా పెట్టాలి. కమ్మీని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు ఆపే జింక్ ప్రైమర్ పూసి, బాండింగ్ పూత వేసి, పాలిమర్ మాలును ఒక్కో పొర అర అంగుళం మించకుండా ఎక్కించాలి. ఒకేసారి మందంగా మెత్తితే తన బరువుకే జారిపోతుంది. కమ్మీ బాగా సన్నబడి ఉంటే, లేదా ఈ నష్టం రెండు మూడు చోట్ల ఉంటే, మేస్త్రీ మాట మీద పోవద్దు. స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూడాల్సిందే. ఆ ఫీజు దండగ కాదు, దాని కింద పిల్లలు పడుకుంటారు.

అపార్ట్‌మెంట్లలో పై అంతస్తు వాళ్ళ గోడు వేరే. ‘మీ ఇంట్లో కారుతోంది కాబట్టి మీరే చేయించుకోండి’ అంటారు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం టెర్రస్‌ను ఉమ్మడి స్థలాల్లో లెక్కేసింది. అందరి నెత్తిన ఉన్న కప్పుకు ఒక్కరు ఖర్చు పెట్టుకోవడం అన్యాయం, అసోసియేషన్ నిధి నుంచే చేయాలి. ఇల్లు అప్పగించి ఐదేళ్ళు కాకపోతే ఆ చట్టం 14వ సెక్షన్ ప్రకారం నిర్మాణ లోపాలను, పనితనం లోపాలను బిల్డరే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆ చట్టం వర్తించే ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్ళు ఫోన్లలో బతిమాలుకోవద్దు. ఫొటోలు, తేదీలు పెట్టి రాతపూర్వకంగా ఇవ్వండి. మీరు నీళ్ళు నిలబెట్టి చేసిన పరీక్ష ఫొటోలు అక్కడా పనికొస్తాయి.

కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు పదేళ్ళ గ్యారంటీ కాగితం కంటే ఒక్క షరతు ఎక్కువ మేలు చేస్తుంది. పూత పూర్తిగా ఆరాక, డబ్బా మీద చెప్పిన గడువు దాటాక, పైపు నోళ్ళు మూసి మళ్ళీ 48 గంటలు నీళ్ళు నిలబెడతామని, కింద చెమ్మ రాకపోతేనే చివరి పాతిక శాతం ఇస్తామని ముందే కొటేషన్ మీద రాయించుకోండి. దీనికి ఒప్పుకోనివాళ్ళకు పని ఇవ్వకండి. ఒప్పుకున్నవాళ్ళు మెష్ మర్చిపోరు.