కాపలావాడి కునుకుపాటు

విధి నిర్వహణలో కునుకు తీయడం నేరమని ఇంతకాలం నమ్మినవారిలో నేనూ ఒకణ్ణి. ఇ. కోలై అనే బ్యాక్టీరియా తన లాక్టోజ్ (పాలలోని చక్కెర) వ్యవహారాన్ని నడిపే తీరు తెలిశాక ఆ అభిప్రాయాన్ని సవినయంగా ఉపసంహరించుకుంటున్నాను.

ఈ సూక్ష్మజీవి డీఎన్ఏలో సుమారు 46 లక్షల బేస్ జతలు, అంటే జంట అక్షరాలు, ఉన్నాయి. అందులో లాక్టోజ్ శాఖకు చెందిన మూడు జన్యువులు ఒకే వరుసలో, ఒకే తాళం కింద ఉంటాయి. దీన్నే లాక్ ఒపెరాన్ అంటారు. (మూడో జన్యువు లేకపోయినా లాక్టోజ్ చక్కగా అరుగుతుంది. అయినా అది కొలువులోనే ఉంది. ఆ ముచ్చట మరోసారి.) ఆ వరుసకు ముందుండే ఆపరేటర్ అనే చిన్న డీఎన్ఏ ముక్క మీద రిప్రెసర్ అనే ప్రోటీన్ బైఠాయించి, జన్యువులను చదవవచ్చిన ఆర్ఎన్ఏ పాలిమరేస్‌కు దారి ఇవ్వదు. కణం మొత్తానికి ఇలాంటి కాపలాదార్లు సుమారు 10 మందే. ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో 1961లో ఈ ఏర్పాటును వివరించి, 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. కాపలావాడికి మాత్రం ఇంతవరకూ ఎవరూ శాలువా కూడా కప్పలేదు.

అతణ్ణి కదిలించాలంటే చేయి తడపాలి. లాక్టోజ్‌ను నేరుగా ఇస్తే పుచ్చుకోడు. దాన్ని కాస్త మార్చి అలోలాక్టోజ్‌గా సమర్పించుకుంటేనే అతని ఆకారం మారి, డీఎన్ఏ మీద పట్టు సడలుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. లాక్టోజ్‌ను కణంలోకి చేరవేసే పర్మియేజ్, దాన్ని అలోలాక్టోజ్‌గా మార్చే బీటా గెలాక్టోసైడేజ్, ఈ రెండింటి జన్యువులూ అతడు తాళం వేసిన గదిలోనే ఉన్నాయి. మామూలు ముట్టనిదే తలుపు తీయడు; తలుపు తీయనిదే మామూలు పుట్టదు.

విత్తు ముందా చెట్టు ముందా అని మనం తరతరాలుగా తేల్చుకోలేకపోయిన తగువును ఈ ఏకకణ జీవి ఒక్క కునుకుతో తేల్చేసింది. కాపలావాడు అప్పుడప్పుడూ తూలి ఆపరేటర్ మీంచి జారిపోతాడు. ఆ సందు చూసి పాలిమరేస్ లోపలికి దూరి ఒకటో రెండో ప్రతులు రాసుకుంటుంది. లాక్టోజ్ జాడే లేని రోజుల్లోనూ కణంలో ఆ ఎంజైములు నాలుగైనా మిగిలి ఉండేది ఈ నిర్లక్ష్యం పుణ్యమే. కణం ముందుగా కోరుకునే గ్లూకోజ్ అయిపోయి లాక్టోజ్ వచ్చిన నాడు తొలి లంచాన్ని సమకూర్చేవి అవే. ఆపైన తలుపు బార్లా తెరుచుకుని ఉత్పత్తి సుమారు వెయ్యి రెట్లకు చేరుతుంది.

ప్రయోగశాలలవారు మరీ ఘనులు. అలోలాక్టోజ్‌ను పోలిన ఐపీటీజీ అనే దొంగనోటు అతని చేతిలో పెడతారు. అతడు పరీక్షించకుండానే పుచ్చుకుని తప్పుకుంటాడు. దాన్ని విరగ్గొట్టే శక్తి ఏ లాక్ ఎంజైముకూ లేదు గనుక నోటు చెల్లుతూనే ఉంటుంది, తలుపు తెరిచే ఉంటుంది.

ఇంతటి అవినీతిని సహించలేని పాఠకులకు ఒక శుభవార్త. నిప్పులాంటి కాపలాదార్లు కూడా ఉన్నారు. ఒక రకం ఉత్పరివర్తనంలో (జన్యువులో వచ్చే మార్పులో) రిప్రెసర్‌కు అలోలాక్టోజ్ పుచ్చుకునే చెయ్యే పనిచేయదు. ఎంత ఇచ్చినా ముట్టడు, ఎవరొచ్చినా కదలడు. అటువంటి కణాన్ని లాక్టోజ్ తప్ప మరో తిండి లేని పళ్లెంలో ఉంచితే, చుట్టూ చక్కెర పేరుకుని ఉండగా అది ఎదుగూబొదుగూ లేకుండా పస్తుంటుంది. తాళం మాత్రం చెక్కుచెదరదు.