తప్పుగా రాసిన పేరును దిద్దకండి

మా వియ్యపురాలు, అంటే మా కోడలి తల్లి, ఆ మధ్య ఒక పాత జర్మన్ బైబిల్ తెచ్చి మా చేతికిచ్చారు. జర్మనీ నుంచి అమెరికాకు వలస వచ్చిన వాళ్ళ పూర్వీకులది అది. అట్ట లోపలి కాగితం మీద పెళ్ళిళ్ళు, పుట్టుకలు, చావులు సిరాతో రాసి ఉన్నాయి. లిపి కుర్రెంట్, అంటే జర్మన్లు ఇరవయ్యో శతాబ్దం దాకా వాడిన గొలుసుకట్టు రాత. అందులో 'ఈ' అక్షరం అచ్చం 'ఎన్'లా కనిపిస్తుంది. 'యు' కూడా అంతే, నెత్తిన చిన్న వంపుగీత ఒక్కటే తేడా. ఆ గీత చెరిగిపోతే పేరే మారిపోతుంది. మా మనవరాలు భూతద్దం పట్టుకుని గీతలు లెక్కపెడుతుంటే, నేను పక్కన కూర్చుని కూడబలుక్కుంటూ రాసుకున్నాను.

ఆ కాగితం మీద వాళ్ళ ఇంటిపేరు 'పి'తో మొదలవుతోంది. ఇప్పుడు వాళ్ళు 'బి'తో రాసుకుంటున్నారు. వాళ్ళ పూర్వీకుడు అమెరికా వచ్చిన నౌక జాబితాలో మళ్ళీ 'పి', పైగా మధ్యలో ఒక అక్షరం తక్కువ. కోడలి తరపు బంధువు ఒకాయన వంశవృక్షాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అన్నిచోట్లా ఇప్పటి స్పెల్లింగే పెట్టేశారు. ప్రేమతో చేసిన పనే. కానీ 'పి'తోనే ఉండిపోయిన ఆ పూర్వీకుడి అన్నగారి శాఖ మొత్తం అందులోంచి జారిపోయింది. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: పాత కాగితంలో పేరు ఎలా ఉంటే అలాగే ఎత్తి రాసుకోవాలి. మనకు తప్పుగా కనిపించే అక్షరంలో ఆ మనిషి యాస దాగి ఉంటుంది.

ఈ కుటుంబం రైన్ నదికి పడమట ఉన్న ఫాల్ట్స్ ప్రాంతం నుంచి వచ్చింది. అక్కడి యాసలో ప, ట, క మెత్తబడి బ, డ, గల్లా వినిపిస్తాయి. మనం బళ్ళో చదువుకున్నట్టు పరుషాలు సరళాలవుతాయన్నమాట. రాసే గుమస్తా తన చెవికి తోచింది రాశాడు. పాత రికార్డుల్లో పేర్లు వెతకడానికి, ఒకేలా వినిపించే పేర్లకు ఒకే కోడ్ ఇచ్చే పద్ధతి ఒకటుంది, సౌండెక్స్ అని. 1918లో అమెరికాలో పేటెంట్ పొందిన ఆ పద్ధతి కూడా ఇలాంటి వర్గాల లెక్కే. బి, పి, ఎఫ్, వి అక్షరాలకు ఒకే అంకె, డి, టి లకు ఒకే అంకె. అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ పూర్వీకులు హూబర్లు, ఈ రెండు పేర్లకూ వచ్చే కోడ్ హెచ్160. అయితే సౌండెక్స్ మొదటి అక్షరాన్ని మాత్రం ముట్టుకోదు. అందుకే మేము 'బి' కింద వెతికినన్నాళ్ళూ ఏమీ దొరకలేదు.

న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్ళను తనిఖీ చేసిన ద్వీపం ఎల్లిస్ ఐలండ్‌లో అధికారి తమ పేరు మార్చేశాడని వాళ్ళింట్లో ఒక కథ ఉంది. ఇలాంటి కథ అమెరికాలో చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. వీళ్ళ ముత్తాతల నాటి మనిషి న్యూయార్క్‌లో దిగింది 1850ల్లో, ఎల్లిస్ ఐలండ్ తెరిచింది 1892లో. పైగా అక్కడి అధికారులు పేర్లు కొత్తగా రాసేవారు కాదు, బయల్దేరిన రేవులో తయారైన జాబితా చూసి సరిపోల్చుకునేవారు. పేరు మారింది చాలావరకు ఆ తర్వాతే, బడిలో, చర్చిలో, జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చినవాళ్ళ చేతుల్లో.

ఊరి పేరు దగ్గర ఇంకో చిక్కు. జనాభా లెక్కల్లో పుట్టినచోటు 'బవేరియా' అని ఉండటంతో అందరూ మ్యూనిక్ చుట్టుపక్కలే వెతికారు. అప్పట్లో ఫాల్ట్స్ బవేరియా రాజ్యంలో భాగం! ఇక సొంత పేర్లు: అన్నదమ్ములందరికీ బాప్తిస్మంలో యోహాన్ అని పెట్టి, రెండో పేరుతో పిలుచుకోవడం అక్కడ మామూలు. పైగా దేశం మారితే పేరు రూపం కూడా మారుతుంది. దీనికి గుంటూరు వాళ్ళకు తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 1842లో గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచే వచ్చినా, పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. అమెరికాలో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్, జర్మనీలో యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిష్. జాన్ అని వెతికితే ఆయన పుట్టిన ఊళ్ళో ఆయనే దొరకడు.

కొంతమంది మిత్రులు అడిగారు, మన వంశం సంగతి వదిలేసి వాళ్ళది ఎందుకండీ అని. మా మనవరాలికి రెండూ తన వంశాలే. మా నాన్నగారి పేరు పట్టాదారు పాసు పుస్తకంలో ఒక తీరుగా, పెన్షన్ కాగితాల్లో ఇంకో తీరుగా ఉంది. ఆ కాగితాలు కూడా ఇప్పుడు ఆ బైబిల్ పక్కనే పెట్టాను, దేన్నీ దిద్దలేదు.

చివరికి దారి చూపించింది చెట్టులోంచి జారిపోయిన ఆ అన్నగారే. పెన్సిల్వేనియాలో ఆయన్ను పూడ్చిన చర్చి రిజిస్టర్‌లో పాస్టర్ పుట్టిన ఊరు కూడా రాసిపెట్టాడు. రైన్ పడమటి గట్టు ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉండటం వల్ల అక్కడ 1798 నుంచే జనన మరణాలు ప్రభుత్వ రిజిస్టర్లలో ఉన్నాయి. మిగతా జర్మనీలో చాలాచోట్ల 1876 దాకా చర్చి పుస్తకాలే దిక్కు. ఆ ఊరి రిజిస్టర్‌లో అన్నదమ్ములిద్దరూ రెండేళ్ళ తేడాతో కనిపించారు. ఇంటిపేరు 'పి'తోనే ఉంది కానీ, చివర మేము ఎక్కడా చూడని ఒక 'టి' అదనంగా ఉంది. మనవరాలు నా వైపు చూసి, "ఇది కూడా ఇలాగే రాయనా తాతా?" అంది. రాయమన్నాను.