బొమ్మ కళ్లు కుట్టడానికే గంట
చేత్తో బొమ్మలు చేసే సంఘాలతో ఆడవాళ్లకు ఇంటి దగ్గరే పని దొరుకుతోందని మీ పత్రికలో రాశారు, నిజమే. కూలి గిట్టుబాటు సంగతి కూడా రాయాల్సింది. మాది అనంతపురం. మా అమ్మ ధర్మవరం పట్టు ముక్కలతో ఏనుగు బొమ్మలు కుడుతుంది. దూది కూరడం ఎంతసేపు, రెండు కళ్లూ ఒకే ఎత్తులో వచ్చేలా దారంతో కుట్టడానికే గంట పడుతుంది. సంతలో మాత్రం ‘ప్లాస్టిక్‌ది యాభైకే వస్తాది కదమ్మా’ అంటారు!

ఇంకోటి. 2021 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదై కార్డు ఉన్న కళాకారులకు మినహాయింపు ఉంది. ఆ కార్డు లేకనే మా వీధిలో ముగ్గురు పెద్ద షాపులకు సరుకు ఇవ్వలేకపోతున్నారు. సంఘాల వాళ్లు శిక్షణతో పాటే ఆ దరఖాస్తు కూడా పెట్టిస్తే బాగుండు.